గ్లెండలాక్‌లో ఆత్మల పండుగ

నవంబర్ 2 దగ్గర పడేకొద్దీ అమ్మ మాటలు తగ్గిపోయాయి. డబ్లిన్‌లో మా ఇంటికి వచ్చి అప్పటికి రెండు నెలలు. వేళకి తినేది, మనవరాలిని స్కూలుకి తయారు చేసేది, అంతా మామూలే. సాయంత్రం మాత్రం జపమాల పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుంటే గంటైనా లేచేది కాదు. ఒంట్లో బాగోలేదేమోనని నాకు టెన్షన్. అడిగితే చెప్పింది.

“ఆత్మల పండుగ వస్తోంది కదరా. ఆ రోజు మీ నాన్న దగ్గర నేను లేకపోవడం ఇదే మొదటిసారి.”

మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం, బాలయేసు దేవాలయం ఉన్న ఊరు. నాన్న పోయి మూడేళ్ళయింది. చనిపోయినవాళ్ళని తలుచుకునే ఈ పండుగకి ప్రతి ఏడూ నాలుగు రోజుల ముందే అమ్మ సమాధుల తోటకి వెళ్ళి గడ్డి కోయించేది. సమాధికి సున్నం వేయించి, వెలిసిపోయిన పేరు మీద మళ్ళీ నల్ల పెయింట్ దిద్దించేది. పండుగ సాయంత్రం బంతిపూలు పరిచి కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి తీర్థజలం చల్లుతారు. చీకటి పడేసరికి తోటంతా దీపాలే. ఈసారి ఆ పనులన్నీ అక్క చూసుకుంటానంది. అయినా అమ్మ మనసు మనసులో లేదు.

“ఏదైనా సమాధుల తోటకి తీసుకెళ్ళు నాన్నా. ఎవరిదైనా ఫర్వాలేదు. కాసేపు నిలబడి వస్తాను” అంది.

మా పేటలోనే పెద్ద శ్మశానవాటిక ఉంది. కానీ నాకు గ్లెండలాక్ గుర్తొచ్చింది. డబ్లిన్‌కి దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరంలో, విక్లో కొండల మధ్య ఉన్న లోయ అది. ఐరిష్‌లో ఆ పేరుకి అర్థం ‘రెండు చెరువుల లోయ’. ఫ్రెండ్స్‌తో అప్పటికే నాలుగుసార్లు వెళ్ళాను. ప్రతిసారీ చెరువు చూడాలి, కొండెక్కాలి అన్న తొందరే. దారి పక్కనే ఉన్న పాడుబడ్డ గుళ్ళనీ సమాధుల్నీ ఫొటో తీసుకుని దాటిపోయేవాణ్ణి. అక్కడ ఆగి చూడడం ఈసారే.

2024లో నవంబర్ 2 శనివారం పడింది. పొద్దున్నే బయల్దేరాం. ఎం11 రోడ్డు మీద కొంత దూరం పోయి, కొండల్లోకి తిరిగి, రౌండ్‌వుడ్, లారా ఊళ్ళు దాటి వెళ్ళాలి. గంట పైన పడుతుంది. లారా దగ్గరికి వచ్చేసరికి ఫోన్ సిగ్నల్ కాసేపు ఉంటే కాసేపు లేదు. ఎవరైనా వెళ్ళేట్టయితే శని, ఆదివారాల్లో పది లోపే చేరుకోండి. ఆ తర్వాత పార్కింగ్ దొరకడం కష్టం. పార్కింగ్‌కీ, విజిటర్ సెంటర్‌లోని ఎగ్జిబిషన్‌కీ డబ్బు కట్టాలి గానీ శిథిలాలు చూడడానికి టికెట్ లేదు. నవంబర్లో గడ్డి రోజంతా తడిగానే ఉంటుంది, మంచి బూట్లు వేసుకోండి. సాయంత్రం అయిదు లోపే పొద్దు పోతుంది. చుట్టూ కొండలు కాబట్టి లోయలోకి నీడ ఇంకా ముందే దిగుతుంది.

ఒకప్పుడు ఇక్కడ క్రైస్తవ సన్యాసుల మఠం ఉండేది. లోపలికి పోయే దారిలో మొదట వచ్చేది ఆ మఠం ద్వారం. ఒకదాని వెనక ఒకటిగా రెండు రాతి కమానులు. ఇలాంటి మఠ ద్వారం ఐర్లండ్ మొత్తంలో నిలిచి ఉన్నది ఇదొక్కటే. లోపల కుడిచేతి గోడలో నిలువెత్తు పలకరాయి మీద సిలువ గీసి ఉంటుంది. ఏ తప్పు చేసి పారిపోయి వచ్చినవాడైనా సరే, ఆ సిలువ దాటి లోపలికి వస్తే ఆశ్రయం దొరికినట్టే. అది చెప్పగానే అమ్మ ఆ రాతి ముందు ఆగి సిలువ గుర్తు వేసుకుంది. వంగి బూట్ల లేసులు విప్పబోయింది.

“గుళ్ళోకి చెప్పులతో వెళ్తామా?”

“ఇంకా గుడి రాలేదమ్మా. నేలంతా తడిగా ఉంది, జలుబు చేస్తుంది” అని ఎలాగో ఆపాను.

ఈ చోటికి మూలపురుషుడు పునీత (సెయింట్) కెవిన్. 6వ శతాబ్దంలో పై చెరువు ఒడ్డున ఒంటరిగా తపస్సు చేసుకోవడానికి వచ్చాడట. శిష్యులు చేరారు, మఠం వెలిసింది, ఆయన పోయాక అది ఒక పట్నమంత అయింది. ఇప్పుడు మనం చూసే కట్టడాలు ఎక్కువగా 10 నుంచి 12వ శతాబ్దాల నాటివి. ఇక్కడ మఠాధిపతిగా ఉన్న లారెన్స్ ఓటూల్ 1162లో డబ్లిన్‌కి ఆర్చ్‌బిషప్ అయ్యాడు, ఆ తర్వాత పునీతుడయ్యాడు. 1180లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో కన్నుమూస్తే ఆయన గుండెను డబ్లిన్‌లోని క్రైస్ట్ చర్చ్ కెథెడ్రల్‌కి తెచ్చి దాచుకున్నారు. 2012లో దాన్ని ఎవరో దొంగిలించారు, 2018లో మళ్ళీ దొరికింది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి గుండె కోసం ఒక నగరం ఆరేళ్ళు ఎదురుచూసిందంటే అమ్మ చాలాసేపు నమ్మలేదు. 1214లో గ్లెండలాక్ బిషప్ పీఠాన్ని డబ్లిన్‌ పీఠంలో కలిపేశాక దీని వైభవం తగ్గింది. 1398లో ఇంగ్లీషు సైన్యం వచ్చి ధ్వంసం చేసింది. కాలక్రమంలో చాలా గుళ్ళ పైకప్పులు పోయాయి, పూజలు ఆగిపోయాయి. చుట్టుపక్కల జనం మాత్రం తమవాళ్ళని తెచ్చి ఈ నేలలోనే పెట్టుకున్నారు. గుడి పడిపోయినా నేల పవిత్రత పోలేదని వాళ్ళ నమ్మకం. అందుకే ఇక్కడ 18, 19వ శతాబ్దాల సమాధిరాళ్ళే ఎక్కువ. 20వ శతాబ్దానివీ ఉన్నాయి.

రాళ్ళు ఒక వరసలో ఉండవు. ఒకటి ముందుకి వాలి, ఒకటి వెనక్కి ఒరిగి, రెండు రాళ్ళు భుజం భుజం ఆనించుకుని నిలబడి ఉంటాయి. తరతరాలుగా ఒకరి పక్కన ఒకరిని, ఒకరి మీద ఒకరిని పెట్టడం వల్ల నేల అలలు అలలుగా ఎత్తుకుని ఉంటుంది. అడుగు ఎక్కడ వేయాలో తెలీదు. అమ్మ నా చెయ్యి పట్టుకుని ప్రతి అడుగుకీ “క్షమించండి, క్షమించండి” అని తెలుగులోనే చెప్పుకుంటూ నడిచింది.

ఒక రాయి దగ్గర ఆగిపోయింది. నడుమెత్తు పలకరాయి. పైన నాచు, కింద తెల్లటి, బూడిదరంగు మచ్చలు. అక్షరాలున్నట్టు తెలుస్తోంది గానీ ఏం రాశారో తెలీడం లేదు. నేను ఫోన్‌లో టైం చూసుకుని తలెత్తేసరికి అమ్మ చీర చెంగు నీళ్ళలో తడిపి ఆ రాయి తుడుస్తోంది. మా ఊళ్ళో ఈ రోజున ఎవరూ రాని సమాధి కనిపిస్తే పక్కవాళ్ళు తుడిచి ఒక కొవ్వొత్తి పెడతారు. అమ్మ చేసిందీ అదే.

అటుగా పోతున్న గైడ్ ఒకావిడ గబగబా వచ్చారు. కసురుకుంటారేమోనని భయపడ్డాను. ఆవిడ అమ్మ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, తుడవద్దని నెమ్మదిగా చెప్పారు. నేను అమ్మకి తెలుగులో చెబుతూ ఉన్నాను. ఆ మచ్చలు మురికి కాదట, లైకెన్ అనే నాచులాంటి జీవి. ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగకుండా రాతిలోకి పాతుకుపోతుంది. గీకితే దాంతో పాటు రాతి పైపొర ఊడి వస్తుంది, అక్షరం కూడా పోతుంది. వైరు బ్రష్, సబ్బు, బ్లీచింగ్, చదవడానికని చాక్‌పీసు రుద్దడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో అచ్చు తీయడం, ఇవన్నీ రాతికి చేటేనట.

“మరి ఎవరు పడుకున్నారో తెలిసేదెట్లా?” అంది అమ్మ. అది కూడా అనువదించాను.

ఆవిడ తన ఫోన్ టార్చ్ వేసి రాతికి ఎదురుగా కాకుండా పక్కన, అంచుకి ఆనించినట్టు పట్టుకున్నారు. నన్ను నా జాకెట్ విప్పి పైనుంచి నీడ పట్టమన్నారు. అంతవరకూ చదునుగా కనిపించిన రాతి మీద అక్షరాలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. ప్రతి గీతకీ ఒక పక్క వెలుగు, ఒక పక్క నల్లటి నీడ. ‘ఎరెక్టెడ్ బై’ అని మొదలైంది. అంటే, రాయి పెట్టించినవాడి పేరు ముందు. తర్వాత అతని ఊరు. ఆ తర్వాత, ఎవరి కోసం పెట్టించాడో ఆ తల్లి పేరు, పోయిన తేదీ, వయసు. సంవత్సరంలో 17 వరకే తెలిసింది, మిగతా రెండు అంకెలున్న చోట పెచ్చు ఊడిపోయింది. అన్నిటికన్నా అడుగున, గడ్డిలో సగం మునిగిన ఇంకో వరస ఉంది. ఆవిడ గడ్డిని పీకకుండా వేలితో పక్కకి వంచి పట్టుకున్నారు. చిన్నతనంలోనే పోయిన అతని ఇద్దరు పిల్లలు కూడా ఇక్కడే ఉన్నారని రాసి ఉంది. పిల్లల పేర్లు లేవు.

అది చెప్పగానే అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకంటే ముందు పుట్టి, మూడు నెలలకే పోయిన అన్నయ్య ఒకడు ఉండేవాడు నాకు. ఆ మాట మా ఇంట్లో అరుదుగా వస్తుంది. “వాడికి రాయి కూడా పెట్టలేదురా. అప్పట్లో మాకు అంత తోచలేదు” అంది.

ఆ పలకరాయి ఈ కొండల్లో దొరికేదే. కణాలు సన్నగా ఉండే రాయి కాబట్టి అక్షరం అంచు అరగకుండా ఉంటుంది. దానికి శత్రువు అరుగుదల కాదు, నీళ్ళు దిగి పొరలు పొరలుగా విడిపోవడం. ఉలితో లోతుగా చెక్కినవి నిలిచాయి, పైపైన గీసినవి పోయాయి. ఆవిడ మాకు ఇంకో మూడు రాళ్ళు చూపించి వెళ్ళిపోయారు. తర్వాత మేమే ఒక గంట సేపు రాయి తర్వాత రాయి చదువుకుంటూ తిరిగాం. నేను టార్చ్ పట్టుకుంటే, ఇంగ్లీషు అంతంత మాత్రం వచ్చిన అమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. దాదాపు ప్రతి రాతి మీదా ఊరి పేరుంది.

“చూశావా, పేరు కన్నా ముందు ఊరు చూసుకుంటున్నా” అంది.

అన్నిటి మధ్యలో గుండ్రటి గోపురం నిలబడి ఉంటుంది. ముప్పై మీటర్ల ఎత్తు. ఇది ఒకప్పుడు గంట గోపురం. ఐరిష్‌లో దాని పేరుకి అర్థం కూడా ‘గంట ఇల్లు’ అనే. లోపల ఆరు చెక్క అంతస్తులు, నిచ్చెనలు ఉండేవి. తలుపు నేలకి మూడున్నర మీటర్ల పైన ఉంది. దాడులప్పుడు మఠంవాళ్ళు పైకెక్కి నిచ్చెన లాగేసుకునేవారని చాలామంది చెబుతారు. పునాది లోతు తక్కువ కాబట్టి అడుగున తలుపు కోస్తే గోడ బలం పోతుందని పైన పెట్టారనేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండోదే సబబనిపిస్తుంది. లోపలంతా చెక్క, నిప్పు పెడితే గోపురమే పొగగొట్టం అవుతుంది. 950లో స్లేన్ అనే ఊళ్ళో గోపురాన్ని వైకింగులు లోపలి మనుషులతో సహా కాల్చేశారని ఆనాటి వార్షిక చరిత్రల్లో ఉంది. ఇక్కడి గోపురం పై కొనను 1876లో అవే పాత రాళ్ళతో తిరిగి కట్టారు.

ఒంటిగంట కావొస్తోంది. మన దగ్గర సాయంత్రం ఆరున్నర. ఆ టైంకి సమాధి దగ్గర నుంచి వీడియో కాల్ చేస్తానని అక్క చెప్పింది. ఫోన్ చూస్తే ఒక్క గీత కూడా లేదు. గోపురం వెనక్కి వెళ్ళాను, ద్వారం దాకా పరిగెత్తాను, ఫోన్ తలపైకెత్తి తిరిగాను. లేదు. తిరిగి వచ్చేసరికి అమ్మ పెద్ద గుళ్ళో ఉంది. కెథెడ్రల్ అంటారు దాన్ని, ఇక్కడి గుళ్ళన్నిటిలో పెద్దది. పైకప్పు లేదు. గోడల అడుగున పెద్ద పెద్ద చెక్కుడు రాళ్ళు, వాటి పైన చిన్న పలకరాళ్ళ కట్టుబడి. పాత గుడి రాళ్ళనే కింద వాడుకుని పైకి కట్టారు. నేలలో కూడా సమాధులే. పూజా పీఠం ఉండాల్సిన తూర్పు వైపు కిటికీ, దాని పక్క దక్షిణం గోడలో చిన్న గూడు, పూజ అయ్యాక పాత్రలు కడిగిన నీళ్ళు పోవడానికి చెక్కిన రాతి తొట్టి ఉన్నాయి.

“ఇదిగో, ఫాదర్ చేతులు కడుక్కునే చోటు” అని ఎవరూ చెప్పకుండానే గుర్తుపట్టింది అమ్మ.

బూట్లు విప్పేసి సాక్సులతో తడి నేల మీద నిలబడి ఉంది. ఈసారి నేనేమీ అనలేదు.

“కాల్ కలవడం లేదమ్మా.”

“తూర్పు ఇదేగా?” అని కిటికీ వైపు చూపించింది.

“అదే.”

“చాలు.”

బ్యాగులో కొవ్వొత్తి తెచ్చుకుంది. పాత రాళ్ళ మీద మైనం పడకూడదని తనే బయటకి తీయలేదు. జపమాల తీసి పరలోక జపం, మంగళవార్త జపం చెప్పింది. నేనూ పక్కనే నిలబడి చెప్పాను. నాన్న పేరు చెప్పింది, అన్నయ్యకి పెట్టాలనుకున్న పేరు చెప్పింది, ఆ పలకరాతి మీది తల్లి పేరు చెప్పింది, పేర్లు లేని ఆ ఇద్దరు పిల్లల్ని తలుచుకుంది. బయట ఎవరో పిల్లలు అరుచుకుంటూ ఆడుకుంటున్నారు. పైన కప్పు లేని చోట కాకి ఒకటి వచ్చి గోడ మీద వాలి వెళ్ళింది. ఆ పావుగంట కోసమే నేను ఇదంతా రాస్తున్నాను.

మిగతావి త్వరగానే చూశాం. కెవిన్ సిలువ రెండున్నర మీటర్ల గ్రానైట్ రాయి. దాన్ని చుట్టూ కౌగిలించుకుని చేతివేళ్ళు కలిపితే కోరిక తీరుతుందట. అమ్మ నుదురు ఆనించి వచ్చేసింది. కింద వాగు పక్కన ‘కెవిన్ వంటిల్లు’ ఉంది. నిజానికి అది గుడే. రాళ్ళతోనే పేర్చిన ఏటవాలు కప్పు చెక్కు చెదరకుండా ఉంది, దాని మీద చిన్న గుండ్రటి గంట గూడు పొగగొట్టంలా కనిపించడంతో జనం వంటిల్లనేశారు.

వాగు దాటితే ఒక రాయి ఉంది, జింక రాయి అంటారు. అది చూడగానే అమ్మ మొహం విప్పారింది.

“ఒరే, ఇది రోలురా!”

నిజంగానే. బండరాతిలో నున్నగా అరిగిన గుంట, అందులో వాననీళ్ళు. మా అమ్మమ్మ ఇంటి పెరట్లో పప్పు రుబ్బిన రోలు గుంట లాగే ఉంది. ఇలాంటి గుంటరాళ్ళు ఐర్లండ్‌లో పాత మఠాల దగ్గర చాలా ఉన్నాయి, నూరుకోవడానికే వాడి ఉంటారని ఒక అభిప్రాయం. ఇక్కడివాళ్ళు చెప్పే కథ వేరు. మఠంలో పనిచేసే ఒకతని భార్య కవల పిల్లల్ని కని చనిపోయిందట. కెవిన్ ప్రార్థిస్తే రోజూ ఒక జింక వచ్చి ఈ గుంటలో పాలు విడిచి పోయేదట. ఆ పాలతో పిల్లలు బతికారట. అమ్మ గుంటలోని నీళ్ళు వేలికొసతో తాకి కళ్ళకద్దుకుంది.

పై చెరువు దాకా మరో రెండు కిలోమీటర్ల లోపు నడక. ఓక్ చెట్ల మధ్య రీఫర్ట్ అనే చిన్న గుడి శిథిలం ఉంది. ఆ పేరుకి అర్థం ‘రాజుల సమాధి చోటు’, ఓటూల్ వంశపు రాజుల్ని అక్కడ పెట్టారని చెబుతారు. రాజులైనా అక్కడ మోకాలెత్తు రాళ్ళే, వాటి మీద రాలిన ఆకులే. అప్పటికి అమ్మ మోకాళ్ళు నొప్పులు మొదలయ్యాయి. తిరుగుముఖం పట్టాం.

లారా దగ్గర ఫోన్ ఒక్కసారిగా మోగడం మొదలుపెట్టింది. అక్క దగ్గర నుంచి ఏడు మిస్డ్ కాల్స్, ఫొటోలు. కారు పక్కకి ఆపాను. బంతిపూల దండ, కొవ్వొత్తులు, సున్నం కొట్టిన సమాధి. వాన పడి పెయింటర్ రాలేదట, పేరు దిద్దించడం కుదరలేదని అక్క రాసింది. ‘ప్రభువునందు నిద్రించిరి’ అన్న మాటలో ‘ప్రభువు’ వరకే ఉంది. నాన్న పేరులో చివరి రెండక్షరాలు లేవు. మూడేళ్ళకే.

అమ్మ ఆ ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూసింది. అప్పుడు అక్కకి ఫోన్ చేయమంది. అక్కడ రాత్రి పది దాటింది.

“పెయింట్ వద్దమ్మాయ్. చీమకుర్తి నల్లరాయి తెప్పించు. ఉలితో చెక్కేవాణ్ణి చూడు, మెషీన్ మీద పైపైన గీకించొద్దు. మీ నాన్న పేరు, కింద ఆయన పుట్టిన ఊరు, ఫిరంగిపురం కాదు, ఆయన పుట్టిన ఊరు. ఎవరు పెట్టించారో మన ముగ్గురి పేర్లు. అడుగున కాస్త చోటు ఉంచి, మీ తమ్ముడికంటే ముందు పుట్టినవాడు కూడా అని రాయించు. వాడికి పేరు కూడా రాయించు.”

అక్క అటువైపు ఏమీ మాట్లాడలేదు కాసేపు. తర్వాత అక్షరాలు ఎంత లోతు ఉండాలో పనివాళ్ళు అడుగుతారని అంది.

అమ్మ తన చిటికెన వేలు గోరు చూసుకుంది. “నా గోరంత” అంది.